మెటల్ బాడీ ల్యాప్‌టాప్‌లో వైఫై సరిగా అందడం లేదా? కొలత నుంచి మరమ్మతు దాకా వరుసగా చేయాల్సిన పనులు

“అన్నా, పక్కనే ఉన్న తమ్ముడి ఫోన్‌లో వీడియో ఆగకుండా నడుస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం క్లాసు మధ్యలో బొమ్మ నిలిచిపోతోంది. ల్యాప్‌టాప్ మార్చాలా?” హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో తెలిసినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. అడిగినవాళ్లలో ఎక్కువమంది దగ్గర ఉన్నది సన్నటి అల్యూమినియం బాడీ ల్యాప్‌టాపే.

చాలాసార్లు మార్చాల్సిన పని ఉండదు. కానీ వరుస తప్పకూడదు. ముందు కొలవాలి. తర్వాత రూపాయి ఖర్చు లేని పనులు చేయాలి. ఆపైన రౌటర్, సెట్టింగులు చూడాలి. స్క్రూడ్రైవర్ ఆ తర్వాతే. చాలామంది తిరగేసి మొదలుపెడతారు. కొత్త వైఫై కార్డు కొని వేయిస్తారు, డబ్బు పోతుంది, సమస్య అక్కడే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి:

- కాగితం, పెన్ను. అంకెలు రాసుకోకపోతే ఏ పని వల్ల మెరుగైందో తర్వాత తెలియదు.
- ఆండ్రాయిడ్ ఫోన్. అందులో సిగ్నల్‌ను డీబీఎంలో (సిగ్నల్ బలాన్ని చెప్పే కొలతలో) చూపించే ఉచిత వైఫై అనలైజర్ యాప్ ఒకటి వేసుకోండి.
- రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. లేకపోతే ఫైబర్ కనెక్షన్ ఇచ్చినాయనకు ఫోన్ చేసి అడగండి.
- గంటసేపు తీరిక. మీకు ఇబ్బంది వచ్చే వేళలోనే కూర్చోండి. రాత్రి ఎనిమిదికి ఆగిపోయే వైఫైని ఉదయం ఆరింటికి కొలిస్తే ఏ లోపమూ కనిపించదు.

1. సిగ్నల్ లోపలికి వచ్చే కిటికీ ఎక్కడుందో వెతకండి

రేడియో తరంగాలు అల్యూమినియం బాడీని దాటి లోపలికి పోలేవు. అందుకే మెటల్ ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్లు ఎక్కడో ఒకచోట ప్లాస్టిక్ పట్టీ గానీ, సన్నటి సందు గానీ వదిలి, దాని వెనక యాంటెన్నా అమరుస్తారు. ఆ పట్టీయే మీ ల్యాప్‌టాప్‌కు కిటికీ. ఇకముందు చేసే పనులన్నీ ఆ కిటికీ మూసుకుపోకుండా, రౌటర్ వైపు తెరిచి ఉండేలా చూసుకోవడానికే.

సాధారణంగా కిటికీ ఉండే చోట్లు:

- స్క్రీన్ పైఅంచున, కెమెరాకు రెండు పక్కలా.
- స్క్రీన్ కిందిభాగం కీబోర్డును కలిసే హింజ్ (మడత కీలు) దగ్గర. చాలా మ్యాక్‌బుక్‌లలో ఇక్కడే ఉంటుంది.
- అరుదుగా కింది భాగంలో, పక్క అంచుల్లో.

కనిపెట్టడం తేలికే. ల్యాప్‌టాప్ ఆపి అరగంట వదిలేయండి. తర్వాత అంచుల వెంట వేలు పోనివ్వండి. లోహం చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ అంత చల్లగా ఉండదు. వెలుతురులో చూస్తే ఆ పట్టీ రంగు కూడా కొద్దిగా వేరుగా కనిపిస్తుంది. అయస్కాంతంతో పరీక్షించకండి. అల్యూమినియానికి అది ఎలాగూ అంటుకోదు, పైగా మూత మూశామో లేదో కనిపెట్టే లోపలి సెన్సర్‌ను గందరగోళపెడుతుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ మోడళ్లకు సర్వీస్ మాన్యువళ్లు ఉచితంగా ఇస్తాయి. అందులో యాంటెన్నా బొమ్మ ఉంటే ఈ వెతుకులాట అవసరమే లేదు.

కిటికీ దొరికాక దాన్ని ఏం కప్పుతోందో చూడండి. గట్టి కేస్, మెరిసే లోహపు పూత ఉన్న స్టిక్కర్, స్టీల్ స్టాండ్ పట్టు, వెనకే ఆనించిన మానిటర్, ఏదైనా కావచ్చు. వేరే మానిటర్ పెట్టుకుని ల్యాప్‌టాప్ మూత మూసి పనిచేసేవాళ్లు ఒకసారి మూత తెరిచి చూడండి. కొన్ని మోడళ్లలో దానితోనే తేడా కనిపిస్తుంది.

2. గీతలను నమ్మకుండా అంకె చూడండి

స్క్రీన్ మూలన కనిపించే నాలుగు గీతల మీద ఆధారపడితే మోసపోతాం. ఒక్కో కంపెనీ వాటిని ఒక్కో లెక్కన గీస్తుంది. డీబీఎం అంకె చూడండి. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మంచిది. మైనస్ 50 కంటే మైనస్ 70 బలహీనం.

విండోస్‌లో: స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్ అక్షరాలు కలిపి రాసి ఖాళీ వదలండి. డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్ కలిపి రాసి మళ్లీ ఖాళీ వదలండి. తర్వాత షో, ఖాళీ, ఇంటర్‌ఫేసెస్ అనే ఇంగ్లిష్ మాటలు టైప్ చేసి ఎంటర్ నొక్కండి. కొత్త విండోస్ 11లో లొకేషన్ ఆన్ చేయమంటే ఆన్ చేయండి. అక్కడ సిగ్నల్ శాతం కనిపిస్తుంది. ఆ శాతంలో సగం తీసుకుని, అందులోంచి 100 తీసేస్తే సుమారు డీబీఎం వస్తుంది. 70 శాతం అంటే సగం 35, 100 తీసేస్తే మైనస్ 65.

మ్యాక్‌లో: ఆప్షన్ కీ నొక్కి ఉంచి పైనున్న వైఫై గుర్తు మీద క్లిక్ చేయండి. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ, నాయిస్ అని రెండు అంకెలు వస్తాయి. మొదటిది సిగ్నల్ బలం, రెండోది చుట్టూ ఉన్న రేడియో గోల. రెండూ రాసుకోండి.

అంకెను ఇలా అర్థం చేసుకోవచ్చు:

- మైనస్ 50 లేదా అంతకంటే మెరుగు: చాలా బలంగా ఉంది.
- మైనస్ 60 దగ్గర: ఏ పనికైనా సరిపోతుంది.
- మైనస్ 67 దాకా: వీడియో కాల్ నడుస్తుంది.
- మైనస్ 70 కంటే బలహీనమైతే: ఆగుతూ సాగుతూ ఉంటుంది.
- మైనస్ 80: పేరు కనిపిస్తుంది కానీ పని జరగదు.

3 అంకెలు తగ్గితే అందే శక్తి సగమైపోయినట్టు. 10 తగ్గితే పదో వంతే మిగిలినట్టు. అందుకే 5, 6 అంకెలు తిరిగి సంపాదించినా చిన్న లాభం కాదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌ను రెండు చోట్ల కొలవండి: రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో ఒకసారి, మీరు రోజూ కూర్చునే చోట ఒకసారి. ప్రతిచోటా నిమిషం ఆగి మూడుసార్లు చూసి మధ్య అంకె రాసుకోండి. ఫోన్‌ను సరిగ్గా అవే చోట్ల, అదే వైఫై పేరుకు, అదే బ్యాండ్‌కు (రౌటర్ వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ తరంగ శ్రేణుల్లో ఒకటి) కలిపి కొలవండి. ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద, ల్యాప్‌టాప్ 2.4 మీద ఉంటే పోలికకు అర్థం లేదు.

వచ్చే ఫలితం ఈ నాలుగింటిలో ఒకటి అవుతుంది:

- రోజూ కూర్చునే చోట రెండూ బలహీనం: తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, ఇంటిది, రౌటర్‌ది. 3, 5 భాగాలు మీకు ముఖ్యం.
- ల్యాప్‌టాప్ ఫోన్ కంటే 5 నుంచి 8 అంకెలు తక్కువ: మెటల్ బాడీకి ఇది మామూలే అని నా అనుభవం. 3, 4, 6 భాగాలతో చాలావరకు సర్దుకుంటుంది.
- ఫోన్ కంటే 15 అంకెలకు పైగా తక్కువ, లేదా రౌటర్ పక్కనే ఉన్నా మైనస్ 65 కంటే మెరుగవడం లేదు: యాంటెన్నా తీగ ఊడి ఉండొచ్చు, తెగి ఉండొచ్చు. 7వ భాగానికి వెళ్లండి.
- అంకె బాగుంది, స్పీడ్ మాత్రం లేదు: సిగ్నల్ సమస్య కాకపోవచ్చు. కింది పరీక్ష చేయండి.

అదే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేస్తే డీఫాల్ట్ గేట్‌వే అనే చిరునామా వస్తుంది. అది మీ రౌటర్ చిరునామా. ఎక్కువ ఇళ్లలో అది 192.168.1.1 అయి ఉంటుంది. పింగ్ అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి, ఆ చిరునామా ఇవ్వండి. రౌటర్‌కు చిన్న సందేశాలు వెళ్లి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో కనిపిస్తుంది. జవాబులు 2, 5, 10 మిల్లీసెకన్లలో నిలకడగా వస్తే ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య అంతా బాగున్నట్టే. అప్పుడు ఫైబర్ లైన్ గురించి కనెక్షన్ ఇచ్చినవాళ్లను అడగాలి. జవాబులు 200, 400కు ఎగురుతున్నా, మధ్యలో రాకుండా పోతున్నా లోపం వైఫైలోనే ఉంది.

3. కూర్చునే చోటు, ల్యాప్‌టాప్ తిప్పే వైపు

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది 6 లోపే. గోడలకు, బీరువాకు తగిలి వెనక్కి వచ్చిన తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, జానెడు పక్కన ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. అందుకే ల్యాప్‌టాప్‌ను జానెడు జరిపి చూడమంటే తేలిగ్గా తీసుకోకండి. నిజంగా తేడా వస్తుంది.

1. ఉన్నచోటే ల్యాప్‌టాప్‌ను పావు చుట్టు చొప్పున నాలుగు వైపులా తిప్పండి. ప్రతిసారీ అంకె రాయండి.
2. మంచి వైపు దొరికాక ముందుకు, వెనక్కి, పక్కలకు జానెడు చొప్పున జరిపి చూడండి.
3. స్క్రీన్‌ను కొంచెం నిలువుగా, కొంచెం వాల్చి కొలవండి. స్క్రీన్ వంచేటప్పుడు అంకె ఒక్కసారిగా 10, 15 పడిపోయి మళ్లీ లేస్తుంటే ఆ విషయం తప్పక రాసుకోండి. హింజ్‌లో తీగ నలిగిందనడానికి అది గట్టి గుర్తు.
4. ఒడిలోంచి తీసి చెక్క బల్ల మీద పెట్టండి. శరీరంలోని నీరు సిగ్నల్‌ను పీల్చుకుంటుంది.

హాస్టల్‌లో ఉండే పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఇనుప మంచం మీద, ఇనుప అల్మారాకు ఆనుకుని కూర్చుంటే మెటల్ ల్యాప్‌టాప్ మరో లోహపు గూట్లో పెట్టినట్టే. రెండంతస్తుల ఇనుప మంచంలో కింది బెర్త్ అన్నిటికంటే కష్టమైన చోటు. తలుపు వైపు, కారిడార్ రౌటర్‌కు ఎదురుగా ఒక కుర్చీ వేసుకుని కొలవండి.

ఇక మన ఎండాకాలం. ఏప్రిల్ వచ్చిందంటే వరంగల్‌లో కిటికీకో కూలర్ బిగిస్తాం. రేకు బాడీ, లోపల నిండా నీళ్లు. సిగ్నల్‌ను ఆపడానికి రెండూ సరిపోతాయి. “చలికాలం బాగానే వచ్చిందన్నా, ఇప్పుడే ఏమైందో” అని సుబేదారి నుంచి ఒక తమ్ముడు అడిగితే ఫోన్‌లోనే అడిగాను, రౌటర్ వరండాలో ఉందా అని. ఉంది. కిటికీలోంచి వచ్చే దారిలో కూలర్ కూర్చుంది. రౌటర్‌ను తలుపు వైపు మార్చాక సమస్య తీరింది. పై అంతస్తు రేకుల గది అయితే కింది నుంచి స్లాబ్, పై నుంచి రేకు ఉంటాయి. అక్కడికి 8వ భాగంలోని లాన్ తీగే సరైన దారి.

4. యూఎస్‌బీ హబ్‌ను అనుమానించండి

ఈ భాగాన్ని దయచేసి దాటేయకండి. సన్నటి మెటల్ ల్యాప్‌టాప్‌లలో పోర్టులు తక్కువ, అందుకే అందరూ టైప్ సీ హబ్ తగిలిస్తారు. హబ్, పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్ యూఎస్‌బీ 3 వేగంతో పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే రేడియో గోల పుడుతుంది. ఆ పోర్టులు హింజ్ పక్కన ఉండి, యాంటెన్నా కూడా అక్కడే ఉంటే, రౌటర్ మాట వినపడకుండా చెవి దగ్గరే ఎవరో డప్పు కొట్టినట్టు అవుతుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం. ఎందుకంటే సిగ్నల్ అంకె అంతగా తగ్గదు, నాయిస్ పెరుగుతుంది. విండోస్‌లో నాయిస్ కనిపించదు కాబట్టి పింగ్‌తోనే పరీక్షించాలి.

1. హబ్, డిస్క్, మానిటర్ తీగ అన్నీ పెట్టి ఉంచి, రౌటర్‌కు పింగ్ చేస్తూ హార్డ్ డిస్క్‌లోకి పెద్ద ఫైలు కాపీ చేయండి.
2. అన్నీ తీసేసి మళ్లీ పింగ్ చేయండి.
3. తేడా స్పష్టంగా ఉంటే దోషి దొరికినట్టే.

సర్దుబాటు: వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి, గోల అక్కడికి పెద్దగా రాదు. కుదరకపోతే హబ్‌ను అరమీటరు పొడుగు తీగతో కిటికీకి దూరంగా జరపండి, లేదా ఎదురు పక్కనున్న పోర్టుకు మార్చండి. వైర్‌లెస్ మౌస్ తడబడటం కూడా ఇదే కారణంగా జరుగుతుంటుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లదీ ఇలాంటి సంగతే. చాలా కార్డుల్లో బ్లూటూత్‌కూ 2.4 వైఫైకీ యాంటెన్నా ఒకటే, వంతులు వేసుకుని వాడుకుంటాయి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉన్న రోజు తీగ ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, టెన్షన్ తగ్గుతుంది.

5. రౌటర్ చోటు, చానెల్, బ్యాండ్

ఫైబర్ వేసిన అబ్బాయి తీగ ఎక్కడి నుంచి లోపలికి వచ్చిందో అక్కడే డబ్బా బిగించి వెళ్తాడు. అంటే ఇంటికి ఒక మూల, తరచుగా టీవీ వెనక, లేదా సజ్జ మీద స్టీలు గంగాళాల మధ్య. ముందు అక్కడి నుంచి బయటికి తీయాలి.

- ఇంటి మధ్యకు దగ్గరగా, అయిదారు అడుగుల ఎత్తున ఉండాలి.
- బీరువా, ఫ్రిజ్, ఇన్వర్టర్, పెద్ద అద్దం, నీళ్ల డ్రమ్ము దారికి అడ్డం ఉండకూడదు.
- ఫైబర్ తీగను మడిచి మేకు కింద నొక్కకండి. మెలిక గట్టిగా పడితే వెలుతురు కారిపోయి లైన్ పోతుంది. పొడుగు చాలకపోతే ఇంకో ప్యాచ్ తీగ వేయించుకోండి.
- రౌటర్ పుల్లల్లాంటి యాంటెన్నాలను నిలువుగా నిలపండి. పుల్ల కొన చూపే దిక్కున సిగ్నల్ అతి తక్కువ, దాని చుట్టూ ఎక్కువ. పై అంతస్తుకు కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచండి.

ఇక బ్యాండ్. అదే గదిలోనో, ఒక గోడ అవతలో ఉంటే 5 గిగాహెర్ట్జ్. రెండు మూడు గోడలు దాటాలంటే 2.4. రౌటర్ సెట్టింగుల్లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెడితే ల్యాప్‌టాప్ దేనికి కలిసిందో మీకు తెలుస్తుంది. పాత ఫైబర్ డబ్బాల్లో 2.4 ఒక్కటే ఉంటుంది. అలాంటిదైతే మార్చి ఇమ్మని అడగండి, లేదా దానికి మంచి రెండు బ్యాండ్ల రౌటర్ తగిలించండి.

ఒక్కో బ్యాండ్‌లో చానెళ్లు అనే చిన్న భాగాలుంటాయి. 2.4లో 1, 6, 11 చానెళ్లు మాత్రమే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటాయి. మా అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట అనలైజర్ తెరిస్తే ఇరవై పేర్లు కనిపిస్తాయి. ఆ మూడింటిలో ఏది ఖాళీగా ఉందో చూసి పెట్టండి, చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. 3, 4, 8 లాంటివి ఎంచుకుంటే రెండు వైపులా గోల తగులుతుంది. 5లో 36 నుంచి 48, లేదా 149 నుంచి 161 మధ్య పెట్టి, దూరంగా కూర్చునేవాళ్లు వెడల్పును 80 నుంచి 40కి తగ్గించి చూడండి. స్పీడ్ కొంత తగ్గినా నిలకడ వస్తుంది.

సెక్యూరిటీ దగ్గర టీకేఐపీ (పాత రక్షణ పద్ధతి) అని ఉంటే ఏఈఎస్ అనే కొత్త పద్ధతికి మార్చండి. టీకేఐపీ ఉన్నంతకాలం వేగం 54 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది.

రౌటర్ శక్తిని పూర్తిగా పెంచితే చాలని చాలామంది అనుకుంటారు. మాట రెండు వైపులా నడవాలి. రౌటర్ గట్టిగా అరిచినా, ల్యాప్‌టాప్ చిన్న గొంతుతో ఇచ్చే జవాబు దానికి వినపడాలి కదా. చోటు మారిస్తే ఇద్దరికీ లాభం.

6. విండోస్ సెట్టింగులు

ఇది త్వరగా అయిపోయే పని.

1. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ వైఫై డ్రైవర్ దించుకుని పక్కన పెట్టుకోండి. దించుకోకుండా పాతది తీసేస్తే నెట్ పోయి ఇరుక్కుంటారు.
2. డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్లు, మీ వైఫై కార్డు, ప్రాపర్టీస్ తెరవండి.
3. పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అనే పెట్టెలో టిక్ తీసేయండి. కొన్ని కొత్త మోడళ్లలో ఆ పేజీయే ఉండదు, కంగారు పడకండి.
4. అడ్వాన్స్‌డ్‌లో ట్రాన్స్‌మిట్ పవర్ అత్యధికం, ప్రిఫర్డ్ బ్యాండ్ 5 అని పెట్టండి. రోమింగ్ అగ్రెసివ్‌నెస్ (వేరే రౌటర్‌కు మారే తొందర) మధ్యలో ఉంచండి. ఇంట్లో ఒక్కటే రౌటర్ ఉంటే తగ్గించినా మంచిదే.
5. ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి మళ్లీ కొలవండి.

నెట్‌వర్క్ రీసెట్ చివరి ప్రయత్నంగానే చేయండి. దాచిన పాస్‌వర్డులన్నీ పోతాయి.

7. తెరిచి చూడాల్సి వస్తే

కొలతలు యాంటెన్నా వైపు వేలు చూపించినప్పుడే ఈ పని. వారంటీ ఉంటే తెరవకండి, సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టున్నా, అడుగు మూత పైకి లేచినట్టున్నా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అప్పుడు మీరు అసలు ముట్టుకోకూడదు.

తెరిచే ముందు:

- ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకున్నారా?
- ఛార్జర్ తీసి, పూర్తిగా షట్‌డౌన్ చేశారా?
- సరైన కొలత స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ పిక్ ఉన్నాయా? వంటింటి చాకు వాడితే అల్యూమినియం అంచు వంగిపోతుంది.
- తీసిన స్క్రూలు ఏ స్థానానివి ఆ స్థానంలో పెట్టడానికి కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసుకున్నారా? పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు పైకి పొడుచుకొస్తుంది.

వరుస:

1. కిటికీ ఇనుప ఊచనో, నల్లానో ముట్టుకుని ఒంట్లో ఉన్న స్టాటిక్ పోగొట్టుకోండి.
2. అడుగు మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ విప్పండి. మిగతాదేదీ అంతకుముందు ముట్టుకోవద్దు.
3. వైఫై కార్డు వెతకండి. వేలి గోరంత వెడల్పున చిన్న పలక, దానికి రెండు సన్నటి తీగలు వచ్చి గుండీల్లా నొక్కుకుని ఉంటాయి. ఎక్కువగా ఒకటి తెల్లది, ఒకటి నల్లది.
4. ఫోటో తీసుకోండి.
5. ఒక గుండీ ఊడి ఉందా, వాలిపోయిందా చూడండి. ఊడితే, సరిగ్గా నడిమధ్యలో ఆనించి బొటనవేలితో నిటారుగా నొక్కండి. చిన్నగా టిక్కుమంటుంది. వంకరగా నొక్కితే లోపలి సూది విరుగుతుంది.
6. తీగను పట్టుకుని లాగకండి. మాటిమాటికీ ఊడదీసి పెట్టకండి. ఈ కనెక్టర్లు కొన్ని పదుల సార్లకు మించి తట్టుకోవు.
7. తీగల దారి చూడండి. స్క్రూ కింద నలిగిందా, హింజ్ దగ్గర పైపొర చిట్లిందా?
8. బ్యాటరీ కలిపి, మూత పూర్తిగా బిగించే ముందు ఒకసారి కొలవండి.

నాకు బాగా తెలిసిన కేసు మా ఇంట్లోదే. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కు ఒక షాపులో బ్యాటరీ మార్పించాం. ఆ రోజు నుంచి హాల్లో తప్ప ఎక్కడా వైఫై లేదు. రౌటర్ పక్కన కూడా మైనస్ 68. వాడు రెండు నెలలు వంటగది గడప దగ్గర కూర్చుని పరీక్షలకు చదివాడు. తెరిస్తే నల్ల తీగ గుండీ ఊడి బ్యాటరీ పక్కన పడి ఉంది. బిగించాక అదే చోట మైనస్ 44. ల్యాప్‌టాప్ తెరిపించిన తర్వాత మొదలైన వైఫై సమస్య అంటే నేను ముందు అడిగేది ఈ తీగ గురించే.

తీగ తెగిపోతే కొత్తది ఆ మోడల్‌దే కావాలి, స్క్రీన్ భాగం విప్పాలి. అది ఇంట్లో చేసే పని కాదు, అనుభవం ఉన్న చేతికివ్వండి. బయట దొరికే అతికించే యాంటెన్నా రేకును మెటల్ మూత లోపల అంటించి ఊరుకోవడం వృథా. ప్లాస్టిక్ కిటికీ వెనక తప్ప ఇంకెక్కడ పెట్టినా అది గూట్లో పెట్టిన దీపమే.

కార్డు మార్చాలనుకునేవాళ్లు ముందు మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది, చాలా సన్న ల్యాప్‌టాప్‌లలో, ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో కార్డు బోర్డుకే అతికి ఉంటుంది, మార్చలేం. రెండోది, ఇంటెల్ ఏఎక్స్ 201, 211 లాంటివి తగిన ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తాయి. ఏఎక్స్ 210కి ఆ షరతు లేదు. మూడోది, పాత కార్డుల గుండీలు పెద్దవి, కొత్తవాటివి చిన్నవి, కలవకపోవచ్చు. కొత్త కార్డు వేగం పెంచుతుంది. యాంటెన్నా బలహీనంగా ఉంటే మాత్రం అందుబాటును పెద్దగా పెంచదు.

8. కొనాల్సి వస్తే ఏది, ఎందుకు

అన్నీ చేశాక కూడా అంకె మైనస్ 70 కంటే మెరుగవలేదంటే అప్పుడు కొనండి. నా ఎంపిక ఈ వరుసలో ఉంటుంది.

లాన్ తీగ: ఒకేచోట కూర్చుని పనిచేసేవాళ్లకు దీన్ని మించింది లేదు. క్యాట్ 6 తీగ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. ల్యాప్‌టాప్‌కు లాన్ పోర్ట్ లేకపోతే టైప్ సీ నుంచి లాన్‌కు మార్చే గిగాబిట్ అడాప్టర్ తీసుకోండి. తీగను ఇంటి లోపలి నుంచే లాగండి. మిద్దె మీదుగా బహిరంగంగా వేస్తే ఎండకు పైపొర పగులుతుంది, జూన్‌లో ఉరుముల వానకు రౌటర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

పాత రౌటర్‌ను రెండోదిగా వాడటం: పై గదికి లాన్ తీగ తీసుకెళ్లి, పాత రౌటర్ లాన్ పోర్టులో పెట్టండి, వాన్ పోర్టులో కాదు. ముందుగా దాని చిరునామాను 192.168.1.2 లాంటి, మొదటిదానితో కలవని అంకెకు మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ మొదటిదానివే ఇవ్వండి, చానెల్ మాత్రం వేరేది పెట్టండి. అద్దె ఇంట్లో గోడకు రంధ్రం వేయనివ్వకపోతే మెష్ రౌటర్లు (తీగ లేకుండా ఒకదానితో ఒకటి కలిసి పనిచేసేవి) చూడండి.

తీగ ఉన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్: బయటికి పుల్ల యాంటెన్నా ఉన్న, రెండు బ్యాండ్లదే తీసుకోండి. మీటరు, మీటరున్నర పొడిగింపు తీగతో ల్యాప్‌టాప్‌కు దూరంగా, ఎత్తుగా పెట్టండి. మెటల్ బాడీ అడ్డం పూర్తిగా తప్పుతుంది. చిటికెన వేలి గోరంత ఉండే చిన్న అడాప్టర్లు మాత్రం కొనకండి. యాంటెన్నా చిన్నది, పైగా మళ్లీ లోహానికే అతుక్కుని కూర్చుంటుంది. పెట్టాక డివైస్ మేనేజర్‌లో లోపలి వైఫైని డిసేబుల్ చేయండి, లేకపోతే ల్యాప్‌టాప్ పాత దానికే కలిసి ఉండొచ్చు.

రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే పెట్టె): తప్పనిసరైతేనే. సిగ్నల్ మైనస్ 65 కంటే మెరుగ్గా ఉన్న మధ్య దారిలో పెట్టాలి. సిగ్నల్ లేని గదిలో పెడితే లేనిదాన్నే అది మళ్లీ పంచుతుంది. ఒక్క బ్యాండ్ రిపీటర్‌లో వేగం సగానికి పడిపోతుంది.

అత్యవసరానికి ఫోన్: పరీక్ష మొదలయ్యే పది నిమిషాల ముందు వైఫై పోతే ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేయండి. హాట్‌స్పాట్ వద్దు, అది కూడా అదే బలహీన యాంటెన్నాను వాడుతుంది. ఫోన్‌లో వైఫై ఆన్‌లో ఉంటే ఆండ్రాయిడ్ ఆ వైఫైనే తీగ మీదుగా ల్యాప్‌టాప్‌కు ఇస్తుంది. అంటే ఫోన్ మీ అడాప్టర్‌లా పనిచేస్తుంది. రూపాయి ఖర్చు లేని ఈ దారి చాలామందికి తెలియదు.

9. షాపుకు ఇచ్చేటప్పుడు

“వైఫై సరిగా రావట్లేదు” అని మాత్రమే చెప్పి ఇస్తే డ్రైవర్ మళ్లీ వేసి, విండోస్ మార్చి తిరిగి ఇచ్చే అవకాశం ఎక్కువ. మీ కొలతల కాగితం జిరాక్స్ తీసి ల్యాప్‌టాప్‌తో పాటు ఇవ్వండి. అందులో ఇవి ఉండాలి:

- రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో ల్యాప్‌టాప్ అంకె, అదే చోట ఫోన్ అంకె.
- స్క్రీన్ వంచినప్పుడు అంకె మారుతోందా, ఏ కోణంలో మారుతోంది.
- ఇంతకుముందు ఎప్పుడు, దేనికోసం తెరిపించారు.
- రెండు యాంటెన్నా తీగలనూ ఊడదీసి చూసి, వాటి ఫోటో పంపమని స్పష్టంగా రాయండి.

తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే వాళ్ల రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో కూర్చుని అంకె చూడండి. స్క్రీన్‌ను మెల్లగా ముందుకు, వెనక్కి వంచి మళ్లీ చూడండి. అంకె మైనస్ 50 దగ్గర కదలకుండా నిలబడితే అప్పుడు డబ్బు ఇవ్వండి.